మీట తిప్పిన చెయ్యి

తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే కాలి కింద తివాచీ బచబచమంది.

ఆయన ఆ అడుగు వెనక్కి తీసుకోలేదు. చేతిలోని పెట్టెను గుమ్మం బయటే దించి, ముందుగదిని ఈ మూల నుంచి ఆ మూల దాకా కళ్లతో తడిమాడు. పైకప్పు నుంచి తలుపంత పెచ్చు ఊడి సోఫా మీద బోర్లా పడి ఉంది. ఊడిన చోటు నుంచి నీళ్లు జడలా కారుతున్నాయి. అలమర కింది వరసలో పుస్తకాలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. సముద్రపు ఎండకు కమిలిన ముక్కులతో భార్య, కూతురు ఆయన వెనకే నిలబడిపోయారు.

"నాన్నా, ఇంట్లో వాన పడుతోంది," అంది కూతురు.

"కదలొద్దు. ఏదీ ముట్టుకోవద్దు."

"ముట్టుకోవడానికి ఏం మిగిలిందని," అంది భార్య.

ఆయనది లిఫ్టుల తనిఖీ పని. పనిచోట అందరూ ఆయన్ని 'రెండోసారి' అని పిలుస్తారు. ఏ బోల్టునైనా ఒకసారి చూసి వదలడు. మళ్లీ వచ్చి చూస్తాడు. కంటితో చూస్తే ఒప్పుకోడు, చెయ్యి వేసి కదిపి చూడాలంటాడు. మొదట్లో వెనకాల నవ్వుకునేవాళ్లు. తర్వాత మొహం మీదే అలా పిలవడం మొదలుపెట్టారు. ఆయనకది బిరుదులా అనిపించి ఊరుకున్నాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. గ్యాసు, కిటికీ గడియలు, ఇస్త్రీపెట్టె, అన్నీ చెయ్యి వేసి చూడాల్సిందే. భార్యకీ కూతురికీ అదే నూరిపోశాడు.

ఆ 'రెండోసారి' ఇప్పుడు నీళ్లలో నడుచుకుంటూ నేరుగా మెట్ల కింద ఉన్న అర దగ్గరికి వెళ్లాడు. ఇంటికంతటికీ నీళ్లు వచ్చే గొట్టం అందులోనే ఉంది. దానికి ఇనప మీట. మీట గొట్టానికి అడ్డంగా ఉంటే నీళ్లు కట్టేసినట్టు, గొట్టం వెంటే ఉంటే వదిలినట్టు. జేబులోంచి టార్చి తీసి వేశాడు.

మీట గొట్టం వెంటే ఉంది.

ఊరెళ్లే రోజు కరెంటు మెయిన్ దించేసి, ఇదే టార్చి వెలుగులో, ఇదే చేత్తో ఆ మీటను అడ్డంగా తిప్పాడు. అందులో అనుమానం లేదు. ఇల్లు వెచ్చబెట్టే హీటర్లకు కూడా కరెంటు పోయేలా మెయిను దింపేశాక, ఈ చలికి పై స్నానాలగదిలో గొట్టం గడ్డకట్టి పగలడంలో వింత లేదు. కానీ ఇక్కడ నీళ్లు కట్టేసి ఉంటే, అది పగిలినా బకెట్టుకు మించి కారవు. కింద ముందుగది చెరువైందంటే, ఎవరో లోపలికి వచ్చి మీట తిప్పారన్నమాట.

మీట అడ్డంగా తిప్పాడు. పైనుంచి కారే నీళ్లు సన్నబడి, బొట్లుగా మారి, ఆగిపోయాయి.

ఇక ఆయనలోని తనిఖీదారు నిద్ర లేచాడు. ముందు తలుపు తాళం మీద గీత లేదు. వెనక తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది. ఒక్క కిటికీ రెక్క కూడా వదులుగా లేదు. వస్తువులేవీ పోలేదు. గుమ్మం పక్కన కోట్లు తగిలించే చోట మాత్రం ఆయన చూపు ఆగింది. ఆయన బూడిదరంగు కోటుకు మెడ దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. పెళ్లయిన నాటి నుంచీ ఆ కోటు తగిలించేటప్పుడు ఆయన గుండీలు పెట్టింది లేదు. కాలరు వాసన చూశాడు. తలనూనె వాసన, ఆయనది కాదు.

ఆ వాసన ఎవరిదో ఆయనకి తెలుసు. ఈ ఇంటి తాళంచెవి ఇంకొకటి ఉన్నది కూడా ఆ మనిషి దగ్గరే. భార్య తమ్ముడు.

బావమరిది ఆయన కిందే పనిచేస్తున్నాడు. మాట జోరు, చెయ్యి జోరు. ఊరెళ్లే ముందు ఒక మేడలో, అక్కడివాళ్లంతా చూస్తుండగా, అతను బిగించిన బోల్టులన్నీ ఈయన విప్పించి మళ్లీ బిగించాడు. అతను నోరు మెదపలేదు కానీ, ఆ రోజు నుంచి మొహం ముడుచుకునే తిరుగుతున్నాడు.

ఆయన ఫోను తీశాడు. "మేం లేనప్పుడు ఇంటికి వచ్చావా?"

అటువైపు నుంచి జవాబొచ్చింది. "లేదు బావా. ఆ వీధి మొహమే చూడలేదు. ఏమైంది?"

"ఇల్లు మునిగింది. రా."

ఫోను పెట్టేసి బయటికొచ్చేసరికి ఎదురింటి కుట్టుపని ఆవిడ తన గుమ్మంలో మెడ చాచి నిలబడి ఉంది. ఆవిడ కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. వీధిలో ఎవరొచ్చినా ఎవరెళ్లినా ఆవిడ కంట పడాల్సిందే.

"ఏమైంది బాబూ? మొన్న మీ బావమరిది వచ్చినప్పుడు అంతా బాగానే ఉందిగా."

"వచ్చాడా?"

"రాకేం. చీకటి పడే వేళకి వచ్చాడు. లైటైనా వెయ్యలేదు. వెళ్లేటప్పుడు చంకలో ఏదో మూట. మర్నాడు మళ్లీ వచ్చి, ఇలా తలుపు తీసి అలా వెళ్లిపోయాడు. నాకెందుకులే అని ఊరుకున్నాను గానీ..."

ఆయన గిర్రున ఇంటి వైపు తిరిగాడు. పిల్లిలా వచ్చాడు, దీపం వెయ్యలేదు, పైగా అబద్ధం ఆడాడు. ఇంకేం కావాలి?

లోపల భార్య చీపురుతో నీళ్లు తోస్తోంది. ఆయన చెప్పింది విని చీపురు ఆపింది.

"వాడు అలాంటివాడు కాదండీ."

"మరి అబద్ధం ఎందుకాడినట్టు?"

"మీరు పోలీసులా అడిగితే ఎవరైనా నీళ్లు నములుతారు. అమ్మ పోయాక వాణ్ణి ఈ చేతులతో పెంచాను. కోపమొస్తే అన్నం మానేస్తాడు. అక్క ఇల్లు ముంచడు."

"అయితే మీట దానంతటదే తిరిగిందా?"

ఆవిడ ఆయన మొహంలోకి చూడకుండా మళ్లీ నీళ్లు తోయడం మొదలుపెట్టింది. ఆ చూపు తప్పించడం కూడా ఆయనకి అనుమానంగానే తోచింది. సముద్రం ఒడ్డున ఎండలో పడుకుని కూడా ఆయన మనసు ఇంటి మీదే ఉండేది. "గ్యాసు కట్టాను, మెయిను దించాను..." అని గొణుక్కుంటుంటే ఈవిడే నవ్వింది. "వెళ్లేటప్పుడు సముద్రానికి కూడా గడియ వేసి వద్దాం లెండి. ఇంట్లో నీళ్లు కట్టే ఉన్నాయి, నాదీ పూచీ," అంది. పక్కనుంచి కూతురు కూడా, "అవున్నాన్నా, గ్యారంటీ," అంది. తన మీద వీళ్లకెంత నమ్మకమో అని అప్పుడు మురిసిపోయాడు. ఇప్పుడు ఆ నమ్మకాన్నే ఎవరో కాలితో తన్నినట్టుంది.

మధ్యాహ్నానికి నష్టం చూడటానికి ఇంటి బీమా కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. తెల్ల బూట్లు తడవకుండా, నడవడానికి నీళ్లలో వేసిన ఇటుకల మీద గెంతుతూ ఇల్లంతా ఫొటోలు తీసుకున్నాడు. మీట సంగతి విన్నాక ఫోను జేబులో పెట్టేశాడు.

"తాళం పగలలేదు, నీళ్లు మాత్రం వదిలారు. అంటే తాళంచెవి ఉన్నవాళ్ల పనే. మీరు ఎవరిదైనా పేరు చెబితే పోలీసులకి పంపిస్తాం. వాళ్లే తేలుస్తారు. ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉందా?"

రెండోసారి నోరు తెరిచాడు. ఒక్క పేరు, అంతే. లిఫ్టు పనిలో పోలీసు మచ్చ పడ్డవాణ్ణి ఏ మేడలోకీ అడుగు పెట్టనివ్వరని ఆయనకి బాగా తెలుసు. తర్వాత వాడు నిర్దోషి అని తేలినా ఆ పేరు అలాగే ఉండిపోతుంది. వాడి అన్నం పోతుంది. తన భార్యకి ఉన్న ఒక్క పుట్టింటి మనిషీ పోతాడు.

భార్య ఆయన పక్కకి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించి అంది.

"బోల్టునైతే రెండోసారి చూడందే మీరు సంతకం పెట్టరు. మనిషి విషయంలో ఒకసారి అడిగితే సరిపోతుందా?"

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. సరిగ్గా అప్పుడే బావమరిది రెండు బకెట్లు, ఒక గోనెసంచితో రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. లోపలి సంగతి చూసి బకెట్లు దించేశాడు.

"అయ్యో అక్కా."

"తాళంచెవి ఇలా ఇవ్వు," అన్నాడు రెండోసారి. అతను ఇచ్చాడు. ఆయన దాన్ని పిడికిట్లో బిగించి అడిగాడు. "మళ్లీ అడుగుతున్నాను. వచ్చావా?"

బావమరిది ముందు అక్కని చూశాడు. తర్వాత గుండీలు పెట్టిన కోటును చూశాడు. భుజాలు జారిపోయాయి.

"వచ్చాను బావా. కోటు కోసం."

"కోటెందుకు?"

"ఇంకో కంపెనీలో పనికి పిలిచారు. పెద్దవాళ్ల ముందు కూర్చోవాలి, నాకు మంచి కోటు లేదు. మర్నాడే తెచ్చి తగిలించేశాను. అప్పటికి ఇల్లు పొడిగానే ఉంది. ఎదురింటావిడ చూస్తే మీ దాకా వస్తుందని లైటు వెయ్యలేదు."

"నా దగ్గర ఏం తక్కువైంది?"

"తక్కువేం లేదు. నేను బిగించిన ప్రతి బోల్టూ మీరు మళ్లీ బిగిస్తారు, పదిమందీ చూస్తుండగా. ఒక్క బోల్టయినా ఇది నాది అని చెప్పుకోవాలనిపించింది బావా."

రెండోసారి ఆ మాట మింగాడు. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. "మీట ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను. తెరవలేదు, మూశాను. మీరు మర్చిపోయి వెళ్లారు. చెబితే మీ పరువు పోతుందని ఊరుకున్నాను."

"నేను మర్చిపోయానా?"

"తెరిచే ఉంది బావా. చీకట్లో చెయ్యి పెట్టి చూశాను, మీరు నేర్పినట్టే. తిరిగింది. మూసి ఉంటే ఎలా తిరుగుతుంది?"

"తెరిచి ఎలా ఉంటుందిరా?" అంది భార్య. "నేను మూశాను కదా."

అనేశాక నాలుక కరుచుకుంది. రెండోసారి మెల్లగా ఆవిడ వైపు తిరిగాడు.

"ఎప్పుడు?"

"కారెక్కాక నల్లకళ్లద్దాలు మర్చిపోయానని వెనక్కి వెళ్లానే, అప్పుడు. మెయిను దించే హడావుడిలో మీరు నీళ్లు మర్చిపోయారేమో అనిపించింది. టార్చి అడిగితే మీకు కోపమొస్తుంది. తడుముకుంటూ చెయ్యి పెట్టాను. తిరిగింది. ఆగేదాకా తిప్పి వచ్చేశాను. మీరు మర్చిపోయారనే ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాను."

"అమ్మా," అంది మెట్ల మీద కూర్చున్న కూతురు. "నువ్వు మూస్తే మరి నేను మూసిందేంటి?"

ఈసారి ముగ్గురూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"నీ తర్వాత నేను చార్జరు కోసం వెళ్లలేదూ? నువ్వు మీట దగ్గరికే వెళ్లుంటావనుకున్నా. నీకు ఏది ఎటు తిప్పాలో తెలీదని నా డౌటు. నేను పెట్టినప్పుడు కూడా తిరిగింది."

పైకప్పు నుంచి ఒక బొట్టు బకెట్లో పడింది. తండ్రి వెళ్లి మెట్ల కింది అర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మీటను ఒకవైపు తిప్పాడు. తిరిగి ఆగింది. రెండోవైపు తిప్పాడు. తిరిగి ఆగింది. చేతికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఏ వైపున్నా మీట కదులుతుంది. కదిలినంత మాత్రాన తెరిచి ఉందని కాదు.

ఆయన మూశాడు. భార్య మూస్తున్నాననుకుని తెరిచింది. కూతురు తెరిచి ఉన్నదాన్ని తెలియకుండానే మూసింది. బావమరిది వచ్చి మళ్లీ తెరిచి, మూశానన్న తృప్తితో కోటు పట్టుకుని వెళ్లాడు. నాలుగు చేతులూ మూయడానికే వెళ్లాయి. తర్వాతి ముగ్గురూ తమ ముందు చేసినవాళ్లని నమ్మలేదు. అలా నమ్మకూడదని వాళ్లకి నేర్పింది తనే.

పనిచోట అయితే ఇలా జరగదు. ఏ స్విచ్చి దించినా దానికి ఒక ఎర్రబిళ్ల తగిలిస్తాడు. ఇది నేను దించాను, ఎవరూ ముట్టుకోవద్దు అని దాని అర్థం. ఇంట్లో తగిలించలేదు. నేను మూశాక దాన్ని ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాడు.

"మరి నేనేం రాసుకోను?" అన్నాడు బీమా ఆయన, ఇటుక మీద ఒంటికాలిపై నిలబడి. "ఎవరి పేరు?"

రెండోసారి లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"మా ఇంట్లోవాళ్లమే అని రాసుకోండి. మొదటి పేరు నాది."

"అలా అయితే పైకప్పుకి డబ్బు వస్తుందని నేను మాటివ్వలేను."

"ఇవ్వొద్దు లెండి."

బీమా ఆయన వెళ్లాక భార్య ముందు నవ్వింది. నవ్వి, పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "మనందరికంటే ఆ గొట్టమే నయం. పగిలాను అని పైకే చెప్పింది," అంది.

"ఆ పని దొరికిందా?" అని అడిగాడు రెండోసారి, బావమరిది వైపు చూడకుండా.

"దొరికింది బావా. వెళ్లొద్దంటే మానేస్తాను."

"వెళ్లు. కోటు కూడా పట్టుకెళ్లు. గుండీలు పెట్టి పాడు చేశావు, ఇక నాకెందుకు."

సాయంత్రం నలుగురూ బావమరిది గదికి బయలుదేరారు. ఇల్లు ఆరేదాకా అక్కడే మకాం. ఆయన మీట అడ్డంగా ఉందని వెలుగులో చూసి, పనిసంచిలోంచి ఎర్రబిళ్ల తీసి తగిలించాడు. తలుపు వేశాడు. కారులో కూర్చున్నాడు. భార్య చేతిసంచి సర్దుకుంది. కూతురు కిటికీలోంచి ఇంటి వైపే చూస్తోంది. బావమరిది కారు తలుపు మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఎవరి మనసులో ఏముందో అందరికీ తెలుసు. ఆయన చేతులు కూడా స్టీరింగు మీద కుదురుగా లేవు.

చివరికి ఆయనే టార్చి తీసి, మధ్యాహ్నం అతని దగ్గర తీసుకున్న తాళంచెవితో కలిపి బావమరిది చేతిలో పెట్టాడు.

"నువ్వు వెళ్లి చూసిరా. చెయ్యి పెట్టకు. చూసి రా, చాలు."

అతను వెళ్లాడు. లోపల మెట్ల కింద టార్చి వెలుగు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. తిరిగొచ్చి, తలుపు వేసి, కారెక్కాడు.

"మూసే ఉంది బావా."

ఆయన ఇంజను వేశాడు. వీధి మలుపు దాటేదాకా ఇంటి వైపు తల తిప్పలేదు.