ఒక్క మాట మిగిలిన మనిషి

ఆ విశ్వవిద్యాలయం నాడీశాస్త్ర విభాగంలో డాక్టరేటు చేతికి రావాలంటే ఇరవైనాలుగు క్రెడిట్ల కోర్సులు పూర్తి చెయ్యాలి, అర్హత పరీక్ష గట్టెక్కాలి, పరిశోధనా పత్రాలు రెండు అచ్చవ్వాలి. పేజెన్ అనే అమ్మాయి నాలుగో ఏడాదికల్లా అర్హత పరీక్ష దాటింది. ఒక పత్రం అచ్చయింది, రెండోది సగంలో ఉంది. మిగిలినవి రెండే రెండు క్రెడిట్లు. మనిషి మెదడు నిర్మాణం, కోసి చూసే పాఠం. మూడేళ్లుగా ఏదో ఒక సాకుతో దాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది.

ఆమె పనంతా కంప్యూటరు మీదే. నాడీకణాలు ఒకదానికొకటి కబురు ఎలా అందించుకుంటాయో లెక్కలు కట్టి చూపించడం ఆమె పరిశోధన. అసలు మెదడును ఎన్నడూ ముట్టుకోలేదు. శవమంటే ఆమెకు భయం. ఆ సంగతి ఎవరితోనూ అనలేక, తన పరిశోధనకు ఆ కోర్సు అక్కర్లేదనీ, మినహాయించమనీ విభాగానికి దరఖాస్తు పెట్టింది. గైడు షి గారు మారుమాట లేకుండా సంతకం చేశారు. మార్చిలో క్యోటోలో సదస్సు ఉంది. ఆలోగా రెండో పత్రం తేలాలని ఆయన తొందర.

ఆ కోర్సు చెప్పే ల్యావ్ టీచరుగారు దరఖాస్తు చదివి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్నారు. అరవై దాటిన మనిషి. గొంతు మాత్రం కంచు.

"కమిటీ చెప్పేది చెప్పనీ. అందాకా క్లాసుకి రా."

"టీచరుగారూ, నేను చేసేది లెక్కలే కదా..."

"వంటల పుస్తకం చదివి త్రేన్చినట్టుంది నీ వరస. శనివారం మాదౌ ఊరికి వెళ్లిరా. నీ బల్లకి వచ్చిన దేహగురువు ఇల్లు అక్కడే."

చదువుకునే పిల్లల కోసం తన శరీరాన్ని రాసిచ్చి పోయిన మనిషిని అక్కడ దేహగురువు అంటారు. కత్తి పట్టేముందు ఆ ఇంటికి వెళ్లి, ఆ మనిషి ఎలా బతికాడో, ఏ జబ్బుతో పోయాడో తెలుసుకుని వచ్చి తోటివాళ్లకు చెప్పాలి. దానికీ మార్కులున్నాయి.

సెప్టెంబరు నెల. మాదౌలో ప్రతి ఇంటి అరుగు మీదా పంపర పనసకాయలు గుట్టలు పోసి ఉన్నాయి. పేజెన్ వెళ్లేసరికి దేహగురువు భార్య ష్యూయే అమ్మకానికి ఆవిరి పెట్టెలోంచి గిన్నె కుడుములు దింపుతోంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. పొగలు కక్కే గిన్నెల్ని గుడ్డ లేకుండానే పట్టుకుంటోంది.

"డాక్టరమ్మవా?"

"కాదు ఆమా, ఇంకా చదువుకుంటున్నా." ముసలమ్మల్ని అక్కడ ఆమా అనే పిలుస్తారు.

"ఎన్నేళ్లబట్టీ?"

"నాలుగేళ్లు. అంతకుముందు ఇంకో రెండేళ్లు."

"మా ముసలికోతికి మూడు నెలల్లో బస్సు నడపడం వచ్చేసింది. సర్లే, ముందు తిను."

ఆమె భర్త యెన్ త్యెన్‌ఫా ముప్ఫై మూడేళ్లు మాదౌ నుంచి సముద్రపు ఒడ్డు ఊళ్లకు బస్సు నడిపాడు. వట్టి వాగుడుకాయ. బస్సెక్కిన వాళ్లందరి ఇళ్ల సంగతులూ ఆయనకు కావాలి. దేహదానం కాగితం మీద సంతకం పెట్టిన రోజున, "ఇన్నాళ్లూ నేను జనం తలలు తిన్నా, పోయాక పిల్లలు నా తల తింటార్లే" అని నవ్వాడట. అరవై ఎనిమిదో ఏట మెదడులో రక్తనాళం పూడుకుపోయి పడిపోయాడు. కుడి చెయ్యి పోయింది. మాట పోయింది. ఒక్కటే మిగిలింది, హో. వాళ్ల భాషలో సరే అని. ఆరేళ్లు ఆ ఒక్క మాటతోనే బతికాడు.

"తింటావా అంటే హో. చలేస్తోందా అంటే హో. ఈ దేశానికి అధ్యక్షుడివి నువ్వేనా అన్నా హోనే!" ముసలమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"ఇది మా పిల్లలక్కూడా తెలీదు. మూడో ఏడు, వానల రోజులు. ఒక్క పూటలో మూడుసార్లు ఆయన పక్కబట్టలు మార్చాను. నాలుగోసారి నా వల్ల కాలేదు. నువ్వు పోతే ఇద్దరికీ సుఖం, పోతావా అన్నాను. నా మొహంలోకి చూసి హో అన్నాడు."

పేజెన్ కుడుము గుచ్చిన పుల్లని గిన్నెలో పెట్టేసింది.

"నువ్వు తల తెరిచి చూస్తావుగా అమ్మాయ్. నా మాట ఆయనకి అర్థమయ్యేదో లేదో చూసి చెప్పు. నా మనసు కోసం చెప్పకు. ఉన్నది చెప్పు."

పది రోజులకు కమిటీ ఉత్తరం వచ్చింది. మినహాయింపు ఇచ్చారు. బదులుగా గణాంకాల కోర్సు ఒకటి చేస్తే చాలు. షి గారు కుర్చీలోంచి లేచి మరీ అభినందించారు.

"ఇక క్యోటో పని మీద కూర్చో."

"సర్, నేను ఆ మెదడు కోర్సే చేస్తాను."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"కుదరకపోతే క్యోటో మానేస్తాను."

"నాలుగేళ్లూ బుద్ధిగా ఉండి ఇప్పుడా నీకు పిచ్చి పట్టడం?" అన్నారాయన. అప్పటి నుంచి రెండు వారాలు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడారు.

మొదటిరోజు అందరూ వరుసగా నిలబడి దేహగురువులకు వంగి నమస్కరించారు. తెల్లగుడ్డ తీయగానే పేజెన్ బయటికి పరుగెత్తి, వరండా కిటికీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. రెండో వారం గదిలో ఉండగలిగింది. మూడో వారం ఆ మనిషి ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. స్టీరింగు పట్టిపట్టి అరచేతిలో కాసిన కాయల జాడ ఇంకా ఉంది. ఆ తర్వాత భయం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పలేం గాని, పనికి అడ్డం రాలేదు.

నవంబరులో మెదడు బయటికి తీశారు. రెండు చేతుల్లో పెట్టుకుంటే అనుకున్నదానికన్నా బరువుంది. ఎడమవైపు ముందుభాగం ఎండిన చెరువులా లోపలికి కుంగిపోయి ఉంది. మాటను కూర్చే చోటు అదే. దాని వెనకే కుడిచేతిని ఆడించే చోటు. రెండూ పోయాయి. పేజెన్ ఇంకా వెనక్కి, చెవి పైభాగానికి వేలు జరిపింది. విన్నమాటను అర్థం చేసుకునే చోటది. మడతలు చక్కగా, నిండుగా ఉన్నాయి. పొర తర్వాత పొర కోసి చూసింది. ఎక్కడా మచ్చ లేదు.

ల్యావ్ టీచరుగారిని పిలిచి చూపించింది. ఆవిడ వంగి చాలాసేపు చూశారు.

"ఆయనకి అర్థమయ్యేదని ఆమాతో చెప్పొచ్చా?"

"ఫలానా రోజున ఫలానా మాట అర్థమైందని దీన్ని చూసి ఏ మొనగాడూ చెప్పలేడు. ఆ చోటు చెడలేదని మాత్రం చెప్పగలవు. అంతకు మించి చెప్పినా అబద్ధమే, తగ్గించి చెప్పినా అబద్ధమే."

"చెబితే ఆవిడ తట్టుకోలేదేమో."

"అడిగింది ఎవరు?"

డిసెంబరులో పరీక్ష. సూదులు గుచ్చిన నలభై చోట్ల పేర్లు చెప్పాలి. నూటికి డెబ్భై వస్తేనే పాసు. పేజెన్‌కు డెబ్భై రెండున్నర వచ్చాయి. ఇరవైనాలుగు క్రెడిట్లూ పూర్తయ్యాయని కాగితం ఇచ్చారు. క్యోటోకు పంపాల్సిన పత్రం గడువు అప్పటికే దాటిపోయింది. ఆ శనివారం ఆమె మళ్లీ మాదౌ బస్సెక్కింది.

"ఆమా, మాట కూర్చే చోటు పూర్తిగా పోయింది. మాటని అర్థం చేసుకునే చోటు మాత్రం చెడలేదు. మీరన్నది అర్థమయ్యే ఉంటుందని నా ఉద్దేశం. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు."

ముసలమ్మ పొయ్యి మంట తగ్గించింది. "అయితే పోతాననే అన్నాడన్నమాట."

"అలా కాదు ఆమా. ఆయన దగ్గర ఉన్నది ఆ మాట ఒక్కటే. సరే అనుకున్నా నోట్లోంచి అదే వస్తుంది, వద్దనుకున్నా అదే వస్తుంది. ఆ రోజు ఏమనుకున్నారో మెదడులో కనిపించదు."

వీధిలో ఎవరో రెండు కుడుములు కావాలని కేకేశారు. ష్యూయే లేవలేదు.

"హో అని నా ముంజెయ్యి పట్టుకున్నాడు," అంది చివరికి. "గట్టిగా. వదల్లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకి చేతులు అలాగే బిగుసుకుపోతాయిలే అనుకుని, వేళ్లు ఒక్కొక్కటీ ఊడదీసుకుని వంటింట్లోకి పోయాను." తన ముంజేతిని తనే పట్టుకుని చూసుకుంది. "ఎడంచేత్తో పట్టుకున్నాడమ్మాయ్. అది బాగున్న చెయ్యి."

అప్పుడు ఏడ్చింది. పేజెన్ పక్కనే కూర్చుంది. కాసేపటికి ముసలమ్మ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అబద్ధం చెప్పుంటే నీ మొహంలోనే పట్టేసేదాన్ని. నీకది చేతకాదు," అని లేచి, ఆమెకు కుడుము పెట్టింది.

జనవరిలో సాగనంపే రోజు వచ్చింది. విద్యార్థులు మెదడును తిరిగి దాని చోట్లో ఉంచి, కోసినచోటల్లా కుట్టి, త్యెన్‌ఫాకు కొత్త చొక్కా తొడిగి పేటికలో పడుకోబెట్టారు. మొదటిరోజు నమస్కారాల వేళకు పిలిచినా రాని ష్యూయే ఈసారి తెల్లవారే సరికి వచ్చి కూర్చుంది. మూత వేసేముందు ఒక్కతే పేటిక దగ్గరికి నడిచింది.

"ముసలికోతీ, వింటున్నావా? ఆ వానరోజు అన్నది నేను కాదు, నా నడుంనొప్పి. వద్దన్నావని నాకు ఇన్నాళ్లకి తెలిసింది. ఆలస్యమైంది, తిట్టుకుంటే తిట్టుకో." తర్వాత ఇంటి సంగతుల్లోకి దిగింది. పంపర పనస ఈ ఏడు చిన్నకాయ కాసిందని, కోడలు వంట నేర్చుకుంటోందని, ఆయన తిప్పిన బస్సు ఇప్పుడు రోజుకు రెండుసార్లే వస్తోందని.

దహనశాల మనిషి గడియారం చూసుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. ల్యావ్ టీచరుగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. ముసలమ్మ ఇంకా చెబుతూనే ఉంది. పేజెన్ పేటిక తలవైపు అంచు పట్టుకుని, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడింది.