రోడా చేయి చాచేదాకా

"పొయ్యి తలుపు తియ్యి రోడా, ఇప్పుడే పడేస్తాను," అంది టేసీ. ఆపిల్ పళ్ల చెక్కపెట్టెను పొట్టకు ఆనించి పట్టుకుని, మంచులో పరిగెత్తుకొచ్చిన ఆయాసంతో ఆరాధన గది మధ్యలో నిలబడి ఉంది.

రోడా పాస్‌మోర్ పొయ్యి తలుపు తీసింది, ఒక దుంగ వేసింది, మళ్ళీ మూసేసింది.

"ఏమున్నాయి అందులో?"

"ఏమున్నాయని అడుగుతావేంటి! నా బతుకంతా అందులోనే ఉంది."

అతిశయోక్తి ఏమీ కాదు. ఇరవై నాలుగేళ్ల టేసీ హాలోవెల్ పదకొండో ఏట నుంచి రాసిన డైరీలు, అణ్వాయుధాల ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా కూర్చున్నందుకు పడిన జరిమానా రశీదు, జైలు నుంచి వాళ్ళమ్మకు రాసిన ఉత్తరాలు, సభల కరపత్రాలు, ఎల్ సాల్వడార్‌లో తుపాకులకు భయపడి పారిపోయి వచ్చినవాళ్ళు ఏడుస్తూ చెబుతుంటే రాసుకున్న మాటలు, అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. అన్నిటికంటే పైన నీలం అట్ట నోటుబుక్కు. యులాలియా అనే ఆవిడ, ఆవిడ ఇద్దరు పిల్లలు ఈ ఆదివారం, అంటే ఇవాళే, ఏ వ్యాన్‌లో, ఏ దారిన, ఏ వంతెన మీదుగా కెనడా దాటబోతున్నారో అందులో గుండ్రటి అక్షరాలతో ఉంది.

రహస్యంగా చేసే పనిని ఎవరైనా రాసి పెట్టుకుంటారా? క్వేకర్లనే ఈ క్రైస్తవ శాఖవాళ్ళు పెట్టుకుంటారు. మూడు వందల ఏళ్లుగా వీళ్ళకు ఇదే జబ్బు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఎవరితో అలిగి మళ్ళీ కలిశారు, కప్పు కారితే దాని గురించి ఎన్ని నెలలు చర్చించారు, అన్నీ రాయాల్సిందే. శరణు కోరి వచ్చినవాళ్ళను ఆదుకుంటామని కిందటేడు తీర్మానం చేసి, కింద అందరూ సంతకాలు పెట్టి, పెన్సిల్వేనియా పేపర్లలో వేయించుకున్నారు కూడా. అంతకుముందు వచ్చిన కుటుంబాలన్నీ కెనడా చేరి ఊపిరి పీల్చుకున్నాయి. మిగిలింది యులాలియా ఒక్కతే. ఆమె దొరికితే విమానం ఎక్కించి, భర్తను చంపిన ఊరికే తిప్పి పంపిస్తారు.

"రాత్రి అధికారులు నా గది దగ్గరికి వచ్చారంట. ఇంటావిడ ఫోన్ చేసింది. నా కాగితాలన్నీ పట్టుకెళ్ళడానికి కోర్టు ఉత్తర్వు ఉందంట," అంది టేసీ. "నేనూ ఈ పెట్టే నీ ఇంట్లో ఉన్నాం కాబట్టి దొరకలేదు. ఇవాళ ఇక్కడికి వస్తారు. వ్యాన్ నడుపుతున్న జోయెల్ ఇంకా సగం దారిలో కూడా ఉండడు. ఆ నోటుబుక్కు వాళ్ళ చేతిలో పడిందంటే వంతెన దగ్గరే ఆపేస్తారు రోడా! తలుపు తియ్యి!"

"నువ్వు రాసిందంతా నిజమేనా?"

"నిజమే."

"అయితే ఎందుకు కాల్చడం? నిజాన్ని కాల్చకూడదు పిల్లా. మరీ అవసరమైతే కాసేపు కూర్చోబెట్టచ్చు."

రోడాకు డెబ్బై ఎనిమిదేళ్లు. టేసీ తాతకు చెల్లెలు. అయినా ఆ గదిలో ఐదేళ్ల పిల్లకు కూడా ఆమె రోడాయే. వాళ్ళకు అయ్యగారూ అమ్మగారూ అక్కర్లేదు, మీరు అనే మాటా అక్కర్లేదు. దేశాధ్యక్షుడు వచ్చినా రోడా నువ్వనే అంటుంది, పైగా బూట్లు తుడుచుకు రమ్మంటుంది.

కూర్చోబెట్టచ్చు అన్న మాట వినగానే టేసీ కళ్ళు మెరిశాయి. ఆరాధన మొదలుపెట్టడానికి అక్కడ గంట ఉండదు, ముగించడానికి పాట ఉండదు. పాస్టరే లేడు. అందరూ వచ్చి మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట తోస్తే లేచి చెబుతారు. చివర్లో రోడా పక్కనున్న వాళ్ళకు చేయి కలుపుతుంది. అంతే, ఆ పూటకు ముగిసినట్టు. ఆమె చేయి చాచకపోతే ముగియనట్టే.

"అయితే ఇవాళ చేయి చాచకు!" అంది టేసీ పెట్టె కింద పడేసినంత పని చేసి. "వంతెన దాటగానే జోయెల్ మన వంటింటి ఫోన్ రెండుసార్లు మోగించి పెట్టేస్తాడు. అప్పటిదాకా లాగించు చాలు."

"వ్యాన్ కోసం దేవుణ్ణి అడ్డం పెట్టమంటావా?"

"పిల్లల కోసం!"

"మాట ఇవ్వను," అంది రోడా. "ముగిసిందనిపిస్తే ముగిస్తాను. ఆ పెట్టె నీ బెంచీ కింద పెట్టి కూర్చో. దుప్పటీ గిప్పటీ కప్పకు."

పది కాకముందే బెంచీలు నిండాయి. తెచ్చిన వంటకాలను వంటింట్లో పెట్టి, కోట్లు విప్పి, ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకున్నారు. మౌనం మొదలైంది. టేసీకి మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. మడమకు పెట్టె తగులుతున్న ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది.

కాసేపటికి బయట కారు ఆగిన చప్పుడైంది. తలుపు దగ్గర కాపలా లాంటి పని అబ్నర్ యార్నల్‌ది. తేనెటీగలు పెంచే ముసలాయన, వచ్చినవాళ్ళకు తలుపు తీస్తుంటాడు. వసారాలోంచి గుసగుసలు లోపలికి చక్కగా వినబడ్డాయి.

"టేసీ హాలోవెల్ అనే అమ్మాయి ఉందా అండీ?"

"ఉంది. లోపలే ఉంది."

అబ్నర్ అబద్ధం ఆడతాడని టేసీ అనుకోలేదు గానీ, కొంచెం నసుగుతాడేమోనని ఆశపడింది.

"ఆ అమ్మాయికి ఈ కాగితం ఇవ్వాలండీ."

"ఆరాధనలో ఉంది. అయ్యాక ఇవ్వు. లోపలికొచ్చి కూర్చో, చలిగా ఉంది. బూట్లు తుడుచుకో."

కిందటి నెల ఇంకో ఊళ్ళో అధికారులు ప్రార్థన మధ్యలో చర్చిలో జొరబడి, పేపర్లన్నిటి చేతా చీవాట్లు తిన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమని ఇవాళ వచ్చిన ఈ అధికారికి పైనుంచి గట్టిగా చెప్పినట్టుంది. ముప్పై ఐదేళ్ల మనిషి, తడిసిన కోటు, చేతిలో మడత పెట్టిన ఉత్తర్వు. లోపలికి వచ్చీ రాగానే అలవాటు కొద్దీ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, మోకాలు వంచబోయి, ఎదురుగా దండం పెట్టుకోవడానికి ఏమీ కనబడక తెల్లబోయాడు. ఖాళీ చోటు ఎక్కడా లేదు. అబ్నర్ అతన్ని చేయి పట్టుకుని తీసుకెళ్ళి తన సొంత చోట్లోనే కూర్చోబెట్టాడు. అది అందరికీ ఎదురుగా ఉండే బెంచీ మీద, రోడా పక్కన. అక్కణ్ణుంచి టేసీ కాళ్ళ వెనక పెట్టె బ్రహ్మాండంగా కనబడుతుంది.

అతను పెట్టెను చూశాడు. టేసీ అతన్ని చూసింది. ఇద్దరూ తల దించుకున్నారు.

ఇక చూడాలి టేసీ అవస్థ. జోయెల్ ఎక్కడి దాకా వెళ్ళి ఉంటాడు? కొండల దగ్గర మంచు తీశారో లేదో! చిన్న పిల్లకు వ్యాన్‌లో వాంతులవుతాయి, దారిలో ఎన్నిసార్లు ఆపాలో! ఎప్పుడూ ముగిసే వేళ అయింది. రోడా కదల్లేదు. ఆ వేళ దాటింది. రోడా కదల్లేదు. టేసీకి లేచి గంతులెయ్యాలనిపించింది. అధికారి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు అబ్నర్ లేచాడు. అబ్నర్ లేచాడంటే మామూలుగా అందరికీ నీరసం వస్తుంది. తేనెటీగల దగ్గర మొదలుపెట్టి నోవహు ఓడ మీదుగా ఎక్కడెక్కడో తిరిగి, సూప్ చల్లారిపోయాక గానీ వదలడు. ఇవాళ మాత్రం టేసీ ఆయన వైపు ప్రాణం పెట్టి చూసింది. చెప్పు అబ్నర్, నీ ఇష్టం వచ్చినంతసేపు చెప్పు, ప్రతి ఈగ పేరూ చెప్పు!

"చలికాలంలో తేనెటీగలు కనబడవు," అన్నాడు అబ్నర్. "కానీ గూట్లో ఒకదానికొకటి వెచ్చగా ఆనుకునే ఉంటాయి."

కూర్చున్నాడు. అంతే. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ మనిషి క్లుప్తంగా మాట్లాడాడు, అదీ ఇవాళే! టేసీకి ఆయన్ను కొట్టాలన్నంత కోపం వచ్చింది.

మళ్ళీ మౌనం. వంటింట్లోంచి బెల్లం పాకంలో ఉడికిన బీన్స్ వాసన, దాల్చినచెక్క వేసి కాల్చిన 'ఆపిల్ పై' తీపి రొట్టె వాసన మెల్లగా వచ్చి బెంచీల మధ్య తిరగసాగాయి. ఎవరి కడుపో కూసింది. ఒక పిల్లాడు కిసుక్కున నవ్వితే వాళ్ళమ్మ మోచేత్తో పొడిచింది. అధికారి నుదురు రుద్దుకున్నాడు, కాళ్ళు మార్చుకున్నాడు, కప్పు దూలాలన్నీ లెక్కపెట్టినట్టు చూశాడు. ఫోన్ మోగలేదు.

రోడా కళ్ళు తెరిచింది. ముగించబోయే ముందు చూసే ఆ చూపు టేసీకి చిన్నప్పటి నుంచి తెలుసు. శాలువా సర్దుకుంది రోడా. ఒళ్ళోంచి కుడి చేయి పైకి లేచింది. వద్దు రోడా, ఇంకొంచెంసేపు, నీకు పుణ్యముంటుంది! చేయి పక్కకు తిరిగింది.

సరిగ్గా అప్పుడే అధికారి తటాలున లేచి నిలబడ్డాడు.

"క్షమించాలండీ," అన్నాడు. గొంతు ఆ రాతి గోడల మధ్య అతను అనుకున్నదానికంటే పెద్దగా వినబడింది కాబోలు, తగ్గించాడు. "మీకు అడ్డం రావాలని కాదు. పొద్దుట్నుంచి నేనేమీ తినలేదు. ఇవాళ మా చిన్నదాని పుట్టినరోజు, ఆరేళ్లు నిండాయి. కేకు కోసే వేళకి వచ్చేస్తానని చెప్పి వచ్చాను. ఇది ఎప్పుడు అయిపోతుందో ఎవరైనా కొంచెం చెబితే..."

ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరే తల వంచుకున్నారు. అబ్నర్ కళ్ళు మూసుకున్నాడు. ఆ గదిలో లేచి మాట్లాడినవాళ్ళకు బదులు చెప్పరు. ఆ మాటను మనసులో పెట్టుకుని కూర్చుంటారు. మాట పడీ పడగానే ఆరాధన ముగించడం ఆ మనిషిని అవమానించినట్టు. క్వేకరు అయినా కాకపోయినా, చేతిలో కోర్టు ఉత్తర్వు ఉన్నా అంతే. రోడా చేయి వెనక్కి వెళ్ళి మళ్ళీ ఒళ్ళో పడుకుంది.

అతను ఎర్రబడిన చెవులతో కూర్చున్నాడు.

టేసీకి ప్రాణం లేచొచ్చింది. నవ్వు పొంగుకొస్తుంటే పెదవి కొరుక్కుంది. అంతలోనే ఆ ఆరేళ్ల పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. తలుపు వైపు చూస్తూ కేకు ముందు కూర్చుని ఉంటుంది. యులాలియా చిన్న కూతురికీ ఆరేళ్లే. ఇంతసేపట్నుంచి వ్యాన్ గురించే తప్ప దేని గురించీ ఆలోచించని టేసీ, మొదటిసారి నిజంగా ఆ మౌనంలో కూర్చుంది. ఆ పిల్ల వంతెన దాటాలనీ, ఈ పిల్ల దగ్గరికి నాన్న వేళకు చేరాలనీ కోరుకుంది.

వంటింట్లో ఫోన్ మోగింది.

మళ్ళీ మోగింది. ఆగిపోయింది.

ఒక్కరూ కదల్లేదు. టేసీ చెంపల మీదుగా నీళ్ళు ధారలు కట్టాయి. ముందు బెంచీలో పెద్ద పిల్లలు ఒకరి చేయి ఒకరు నొప్పి పుట్టేలా పిసుక్కున్నారు. అధికారి వంటింటి వైపు చూశాడు, అందరి మొహాల వైపూ చూశాడు. రోడా ఇంకాస్త ఆగి, ముగిసిందనిపించాకే అతని వైపు తిరిగి చేయి చాచింది.

"వచ్చినందుకు సంతోషం," అంది. "నీ పేరేంటి?"

"రేమండ్ కొవాల్‌చిక్ అండీ. ఫిలడెల్ఫియా నుంచి, పని మీద వచ్చాను."

"మంచిది రేమండ్," అన్నారు అందరూ ఒక్కసారిగా, పక్కవాళ్ళకు చేతులు కలుపుతూ.

టేసీ పెట్టె మోసుకొచ్చి అతని ముందు పెట్టింది. అతను ఉత్తర్వు చదివి ఇచ్చి, రోడా వైపు తిరిగాడు.

"ఇది ప్రతి వారం ఇంతసేపు జరుగుతుందా?"

"లేదు. ఒక గంట."

"మరి ఇవాళ?"

"నేను చేయి చాచాను రేమండ్. నువ్వు లేచి మాట్లాడావు. మాట్లాడిన మనిషిని వినకుండా ఎలా ముగిస్తాం?"

"మరి ఆ ఫోన్?" అన్నాడు అతను.

"నేను చెప్తాను," అంది టేసీ. "ఓ తల్లీ ఇద్దరు పిల్లలూ కెనడా చేరారు. అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్క కాగితం కూడా తియ్యలేదు. ఒక్క నిమిషం, ఆ నీలం నోటుబుక్కు ఇలా ఇవ్వవా? ఇవాళ్టిది రాయలేదు."

"ఇది సాక్ష్యంగా వాడతారమ్మా! నిన్ను జైల్లో వేస్తారు, తెలుసా?"

"తెలుసు. మధ్యలో ఎలా వదిలేస్తాను?"

ఇలాంటి మనుషులతో ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పినట్టు లేదు. నోటుబుక్కు ఇచ్చాడు. టేసీ పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద పెట్టుకుని గబగబా రాసింది. అబ్నర్ ఈలోపు అతని చేతిలో సూప్ గిన్నె పెట్టాడు. తిరిగి అందుకున్నాక అతను ఆ పేజీ చదివాడు. మంచు, మౌనం, తేనెటీగలు, రెండుసార్లు మోగిన ఫోన్. తర్వాత ఇది: రేమండ్ అనే అతని కూతురికి ఇవాళ ఆరేళ్లు. అతను ఆ మాట చెప్పడానికి లేవకపోతే వాళ్ళు దాటేవారు కాదు.

"మా పైవాళ్ళు ఇది చదువుతారు," అన్నాడు నెమ్మదిగా.

టేసీ మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. "కానీ... జరిగింది అదే కదా," అంది.

"అవును. జరిగింది అదే." అతను జేబులోంచి ఉత్తర్వు కాపీ తీసి, ఒక వరుస మీద వేలు పెట్టాడు. "సంతకం అయ్యింది నిన్న. నిన్నటిదాకా ఉన్న కాగితాలే నేను తీసుకెళ్ళాలి. ఇవాళ రాసింది నాది కాదు."

చిన్న చాకు తీసి, కుట్టు దగ్గర జాగ్రత్తగా ఆ ఒక్క పేజీ కోసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టె భుజానికెత్తుకున్నాడు. రోడా గుడ్డలో చుట్టి ఇచ్చిన ఆపిల్ పై ముక్కను, పిల్లకని, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. పదమూడేళ్ల రాతలు కారు వెనక సీట్లో పడ్డాయి. కారు మంచులో జారుతూ మలుపు తిరిగింది.

టేసీ గుమ్మంలో నిలబడి చాలాసేపు అటే చూసింది. తర్వాత ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి, గుండెకు అదిమిపట్టుకుని లోపలికి పరిగెత్తింది.

"అబ్నర్!" అని అరిచింది. "నీ దగ్గర ఇంకో ఆపిల్ పెట్టె ఉందా?"