గడప చెక్క

పోయినవాళ్లు తిరిగి రారని అందరికీ తెలిసినప్పుడు, రాకుండా గడపకు మేకు కొట్టడం ఎందుకు?

ఎల్లేశ్ ఆ మాట పైకి అనలేదు. బల్ల మీద పరిచిన పాత టేకు గడప వెంట అయస్కాంతాన్ని నెమ్మదిగా జరుపుతూ తనను తానే ప్రశ్నించుకున్నాడు. పాడైన స్పీకరులోంచి ఊడదీసిన ఆ అయస్కాంతం దారానికి వేలాడుతోంది. ఒకచోట అది ఉన్నట్టుండి పక్కకు ఒరిగి చెక్కకు అతుక్కుంది. అక్కడ సుద్దతో చిన్న సున్నా చుట్టాడు. చూస్తే ఏమీ కనిపించదు. ఏళ్ల తరబడి రాసిన పసుపు గట్టిపడి చెక్కకు చర్మంలా పట్టింది. పసుపు కింద లక్క, లక్క కింద మేకు తల. తలను లోపలికి దించి, పైన లక్క కరిగించి పోసి, పాదానికి తగలకుండా నున్నగా చేసే పద్ధతి ఈ చుట్టుపక్కల ఒక్కరిదే. అది అతని తండ్రి, బాపు, పని.

ఘడియ మంచిది కానప్పుడు ఇంట్లో ప్రాణం పోతే, శవం గడప దాటగానే వడ్రంగి పనిచేసే వడ్లాయన వచ్చి బయటి అంచున మేకులు కొట్టడం ఈ ఊళ్లలో అలవాటు. పోయినవాళ్లు ఇంటిదాకా వస్తారు గాని ఇనుము దాటలేరని మాట. బతికి ఉన్నన్నాళ్లూ బాపు ఆ పిలుపు వస్తే తింటున్న అన్నం ముందు నుంచైనా లేచి పోయేవాడు. ఎవరింట్లోనూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. చివరిసారి ఆయన కొట్టింది తన ఇంటి గడపకే, ఒకే ఒక్క మేకు, ఎల్లేశ్ భార్య భాగ్య పోయినప్పుడు.

ఉలితో లక్కను గీకి, పట్టకారుతో మేకును పట్టి, అటూ ఇటూ కదిపి లాగాడు ఎల్లేశ్. బిగుసుకుపోయిన మేకు మూలుగుతూ బయటికి వచ్చింది. మిగిలినవీ అలాగే తీసి డబ్బా మూతలో వేశాడు. ఒక్కటి మిగిలిపోయినా చెక్క కోసే మిషన్ బిట్టు, గిర్రున తిరిగే దాని కత్తి మొన, విరిగిపోతుంది.

తొర్రూరులో ఖమ్మం రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. షెడ్డు నడుమ ఉన్న మిషన్ అతను కట్టుకున్నదే. బాపు పనిబల్ల కాళ్లే దానికీ కాళ్లు. పట్టాలు వరంగల్ పాత ఇనుము కొట్లో దొరికాయి. మూసేసిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి కంప్యూటర్ వచ్చింది. తిరిగే మోటారు వేడెక్కకుండా చేపల తొట్టిలో వాడే చిన్న పంపు బకెట్లోని నీళ్లను దాని చుట్టూ తిప్పుతుంది. కంప్యూటర్లో అక్షరం గీసి ఇస్తే బిట్టు ఆ గీత వెంట నడిచి చెక్కను కోస్తుంది. భాగ్య పోయిన తర్వాతి వానకాలమంతా అతను దీన్ని కడుతూనే గడిపాడు. ఇప్పుడు మానుకోట నుంచి కొత్తగూడ దాకా కొత్త ఇళ్ల ముఖాన కనిపించే చెక్క పేర్లలో చాలా వాటిని కోసింది ఈ మిషనే.

భాగ్య రవికెలు కుట్టేది. వెలుతురు కోసం కుట్టుమిషన్ తలుపు దగ్గరికి జరుపుకుని, ఒక కాలు గడప మీద ఆనించి కూర్చునేది. విషజ్వరం వచ్చిన మూడో నాడు, దవాఖానకు బండి మాట్లాడేలోపు, ఆ తలుపు దగ్గరే ఒరిగింది. మేకు కొడుతున్నప్పుడు ఎల్లేశ్ పక్కన నిలబడి చూశాడు. వద్దనలేదు. అలాంటి వాటిని అతను నమ్మడు కాబట్టి వద్దనడానికి కారణం కనపడలేదు.

ఆ తర్వాత భాగ్య ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. తల్లి వచ్చేది, బాపు వచ్చేవాడు, ఎవరో మొహం తెలియనివాళ్లు వచ్చేవాళ్లు. ఆమె రాలేదు. ఇంట్లోకి వెళ్తున్నప్పుడల్లా అతని పాదం ఆ చోటును తప్పించి పడుతోందని కొన్నేళ్లకు గమనించాడు. నమ్మనివాడు మేకును పీకెయ్యవచ్చు. నమ్మేవాడు ఉంచుకోవచ్చు. తను నమ్మకుండానే ఉంచుకున్నాడు. ఎందుకని చాలాసార్లు తరచి చూసుకున్నాడు. ఒకే జవాబు దొరికేది, అదంటే భయం వేసేది. మేకు ఉన్నంతకాలం ఆమె రాకపోవడానికి ఒక కారణం ఉంటుంది. తీసేశాక కూడా రాకపోతే?

మధ్యాహ్నం షెడ్డు ముందు కారు ఆగింది. ఈ గడప తెచ్చిచ్చిన శ్రీపాల్ దిగాడు. తొర్రూరు పక్క పల్లెలో వాళ్ల పాత ఇల్లు కూలగొట్టినప్పుడు, గడపను పొయ్యిలో పెట్టకూడదని దాచారు. మానుకోటలో కట్టుకున్న కొత్త ఇంటికి తల్లి సరోజన పేరును ఆ చెక్కతోనే చేసిపెట్టమని అతను అడిగాడు. తల్లిని వరంగల్ దవాఖానలో చూపించుకుని వస్తున్నామని చెప్పి, గొంతు తగ్గించి, ఇంక ఇంటికాడనే ఉంచుకొమ్మన్నరని అన్నాడు. ఆమె చెక్కను చూడాలని పట్టుబట్టిందట.

సరోజనమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒళ్లంతా కరిగిపోయి కళ్లే మిగిలినట్టుంది. కొడుకు కొబ్బరి బోండం తెస్తానని రోడ్డు దాటేదాకా ఆగింది. తర్వాత మిషన్‌ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏందిరా ఎల్లేశా, మీ బాపు ఉలి పడితె పక్కింటోళ్లకు ఇనబడకపోయేది. నీది ఊరంత మొత్తుకుంటదట గదా."

"మొత్తుకుంటెనే గిరాకి వస్తది అమ్మా."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకున్నాక మేకులు పీకావా అని అడిగింది. అతను డబ్బా మూత ముందు పెట్టాడు. ఆమె ఒక మేకును తీసి అరచేతిలో ఉంచుకుని, దాని బరువు తెలుసుకుంటున్నట్టు కాసేపు అలాగే పట్టుకుంది. కూతురు సౌమ్య కళ్లు పచ్చబడే పసిరికల జబ్బుతో పోయినప్పుడు కొట్టిన మేకులవి. అప్పటికి ఆ పిల్లకు ఇంకా పెళ్లీడు రాలేదు.

"కొట్టేనాడు వద్దన్న. నా మాట ఎవలు ఇన్నరు" అంది సరోజనమ్మ. "పొద్దుగాల గడపకు పసుపు రాస్తుంటె, అవతల కూసోని నా చేతులే చూస్తున్నట్టుండేది. లోపటికి రమ్మందామంటె నోరు రాకపోయేది."

ఎల్లేశ్ అడగకూడదనుకుంటూనే అడిగాడు. "ఎన్నడన్న కనబడ్డదా అమ్మా?"

"కనబడలే."

ఆమె మేకును మూతలో పెట్టింది.

"కనబడకున్నా పిలువాల్సింది బిడ్డా. పిలుసుడు మన పని. వచ్చుడు, రాకపోవుడు వాళ్ల ఇష్టం."

రోడ్డు అవతల కొబ్బరి బోండాల బండి దగ్గర శ్రీపాల్ కత్తి దెబ్బలను చూస్తూ నిలబడ్డాడు. ఆమె అటు ఒకసారి చూసి, ఈ చెక్కతో తన పేరు వద్దని, సౌమ్య పేరు చెక్కమని చెప్పింది. మేకుల బొక్కలు పోగా మిగిలిన చెక్క ఒక్క పేరుకే వస్తుందని ఎల్లేశ్ అన్నాడు. అందుకే చెప్తున్నానంది. కొడుకుతో తానే మాట్లాడుతుందట.

కారు వెళ్లిపోయాక అతను కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు గీశాడు. తెలుగు అక్షరానికి తలకట్టు ఒక్కోసారి ఒంటికి ఆనదు, కోస్తే విడిపోయి పడుతుంది. దానికీ ఒంటికీ మధ్య సన్నటి మెడ పెట్టి కలిపాడు. చెక్కను నాలుగు మూలలా బిగించాడు. బిట్టు కింద పలుచటి కాగితం ముక్క పెట్టి, అది కదలకుండా చిక్కుకునేదాకా బిట్టును వెంట్రుకవాసి చొప్పున దించాడు. అక్కడే సున్నా. మిషన్ లోకంలో ప్రతి లోతుకూ కొలత ఆ అంటీ అంటని చోటు నుంచే మొదలవుతుంది.

మిషన్ అరుస్తూ కదిలింది. మొదటి పొర తెగగానే లేచిన పొట్టు పసుపుపచ్చగా ఉంది. ఎల్లేశ్ ఇన్నేళ్లలో అలాంటి పొట్టును చూడలేదు. షెడ్డంతా పసుపు వాసన కమ్ముకుంది, తెల్లవారుజామున కడిగిన వాకిలి వాసన. ఎప్పుడెప్పుడో రాసిన పసుపు, రాసిన చేతుల తడితో సహా, చెక్క నెరల్లోకి దిగి ఇన్నాళ్లూ అక్కడే ఉంది. పొట్టు అతని ముంజేతుల వెంట్రుకల మీద వాలింది. దులుపుకోబోయి ఆగాడు. వెనక ఎవరో నిలబడ్డట్టు మెడ మీద చల్లగా తగిలింది. తిరిగి చూస్తే తెరిచిన తలుపు, రోడ్డు, ఎండ. రెండో పొర నుంచి పొట్టు మామూలు టేకు రంగుకు తిరిగింది. వాసన మాత్రం సాయంత్రం దాకా పోలేదు.

పేరుకు గరుకు కాగితం పెట్టి అంచులు నున్నగా చేస్తుండగా ఫోను మోగింది. శ్రీపాల్.

"అమ్మ పోయింది ఎల్లేశ్."

ఇంటికి వచ్చిందట, చాయ్ అడిగి తాగిందట, జర సేపు ఒరుగుతనన్నదట. లేపబోతే లేవలేదు. అతను సర్వేవాళ్లకు వివరాలు చెబుతున్నవాడిలా మెల్లగా, వరసగా చెప్పాడు. ఘడియ మంచిగ లేదని పెద్దలు అంటున్నారట. పొద్దున్నే శవం లేస్తుంది, బాపు లేడు కాబట్టి అప్పటికి మేకులు పట్టుకుని ఎల్లేశే రావాలి.

"పేరు అయింది పటేలా" అన్నాడు ఎల్లేశ్. "ఏం పేరో అమ్మ చెప్పిందా?"

"కార్ల చెప్పింది. చెల్లె పేరు." అటు ఎవరికో వస్తున్నానని చెప్పి మళ్లీ ఫోనులోకి వచ్చాడు. "ఇన్నేండ్లకు ఇంట్లకు వస్తదిరా అన్నది. నేను సరే అన్న. మరి మేకులు...?"

"మళ్ల ఫోన్ చేస్త."

పనిముట్ల సంచి కోసం ఎల్లేశ్ షెడ్డు వెనక ఇంటికి నడిచాడు. పొద్దు వాలి వాకిట్లో నీడ పరుచుకుంది. గడప ముందుకు వచ్చేసరికి పాదం అలవాటుగా పక్కకు జరగబోయింది. అతను దాన్ని గాలిలోనే ఆపుకున్నాడు.

రేపు ఒక ఇంట్లోకి కూతురు పేరుతో వస్తుంది. అదే పొద్దున అదే గడప దగ్గర తల్లి మీదికి తన చెయ్యి సుత్తె ఎత్తాలి. ఆమెకు ఎవరు జవాబు చెప్తారు? వాళ్లింటి సంగతి తరువాత. తను ఇన్నేళ్లుగా కాపాడుకుంటూ వచ్చింది ఒక కారణాన్ని. మనిషిని పిలవకుండా ఉండడానికి అంతకంటే మంచి కారణం దొరకదు.

లోపలికి అడుగు పెట్టకుండానే వంగి కూర్చున్నాడు. జేబులోని ఉలితో లక్క పెళ్లను లేపాడు. కింద మేకు తల నల్లగా, చల్లగా ఉంది. షెడ్డు నుంచి పట్టకారు తెచ్చి బిగించాడు. మేకు రాలేదు. మోకాలు గడపకు ఆనించి, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగాడు. చెక్క అరిచింది. ఒక్కసారిగా మేకు ఊడి రాగా, అతను వాకిట్లో వెనక్కి పడ్డాడు. లేచి మట్టి దులుపుకోకుండానే ఫోను తీశాడు.

"పటేలా, పొద్దుగాల పేరు పట్టుకొని వస్త. నా చేత్తోనే బిగిస్త. మేకులు తేను."

"పెద్దలు ఊకోరు ఎల్లేశ్. నువ్వు కాకుంటె ఇంకెవడు కొడతడు?"

"ఎవడు లేడు."

అటు వైపు ఎవరో ఏడుస్తున్న చప్పుడు, పాత్రల చప్పుడు వినిపించాయి. తర్వాత శ్రీపాల్ చిన్నగా, "పొద్దుగాలనే రా" అని పెట్టేశాడు.

ఎల్లేశ్ ఇంటి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక ఆటో పోయింది. ఆ తర్వాత వరంగల్ బస్సు పోయింది.

"భాగ్యా" అని పిలిచాడు. "లోపటికి రా."

ఎవరూ రాలేదు. అతను ఇంకొంచెం సేపు నిలబడి, లోపలికి పోయి దీపం పెట్టాడు. వెలుతురు తలుపు దాటి వచ్చి గడప మీద పడింది. అక్కడ వేలికొన పట్టేంత బొక్క, దాని పక్కన కొద్దిగా వంగి తుప్పు పట్టిన మేకు.