రెండో సంతకం

"నువ్వైతే నమ్మకంగా చెప్తావు వెర్నీ, నువ్వే మాట్లాడు," అని మొగుడు ఆల్డ్విన్ ఫోను తెచ్చి ఆమె చెవికీ భుజానికీ మధ్య ఇరికించి వెళ్ళిపోయాడు. వెర్నెల్ చేతుల నిండా చేప పొలుసు. ఆ చేతులు అలాగే గాలిలో పెట్టుకుని, ఇస్త్రీ చేసినంత శుభ్రమైన గొంతుతో, "నమస్కారమండీ, ఊనా మే విహార నౌక," అంది.

పడవకి అత్తగారి పేరు పెట్టారు. బుకింగులు, వంట, పడకలు, పాయిఖానాలు మాత్రం కోడలివి.

అవతల టొరంటో నుంచి మిసెస్ పెట్రీ అనే ఆవిడ. సెప్టెంబరులో వారం రోజులకి పడవ కావాలి. తనూ, కూతురూ అల్లుడూ, నాలుగేళ్ళ మనవరాలూ. ఆ తుపాను నెలల్లో అద్దె సగానికి సగం తగ్గుతుంది, ఎందుకు తగ్గుతుందో అందరికీ తెలుసు, అయినా ఒకసారి ఎవరైనా భయం లేదని చెబితే వినాలని ఫోను చేస్తారు. ఆ చెప్పడం వెర్నెల్ పని. "మా కారియకూ దీవి బాగా దక్షిణాన ఉంటుందండీ. తుపానులన్నీ మాకు ఉత్తరంగా పోతాయి." పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్న మాట. మొదటి పదిహేడేళ్ళూ అది నిజమే. రెండేళ్ళ కిందట జులైలో ఒక గాలి వచ్చి దీవి మీద కప్పు అనేది లేకుండా చేసి పోయింది. మాట మాత్రం మారలేదు.

మిసెస్ పెట్రీ అంతా విని, "ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు నాలుగేళ్ళ మనవరాలుంటే ఆ వారం ఎక్కిస్తారా?" అంది.

వెర్నెల్, "మధ్యాహ్నం నేనే ఫోను చేస్తానండీ," అని పెట్టేసింది.

గుమ్మం దగ్గర మొక్కజొన్న ఒలుస్తున్న అత్తగారు, ఊళ్ళో అందరూ మిస్ ఊనా అనే ఆవిడ, వెంటనే అందుకుంది. "మొగుడు ఏడాదంతా నడిసముద్రంలో ఎండకి మాడుతుంటే, నీడన కూర్చుని నాలుగు ముక్కలు మాట్లాడ్డానికి కూడా బద్ధకమేనా తల్లీ?"

వెర్నెల్ చేపలు కడగడం మొదలుపెట్టింది. నీడన కూర్చోవడమంటే ఏమిటో ఈవిడకి ఎవరు చెప్పాలి? పడవలో అతిథులుంటే నాలుగున్నరకే లేచి రొట్టె కాల్చాలి, ఒకరికి గుడ్డు పడదు, ఒకరికి ఉప్పు పడదు, వాళ్ళు ఈతకి దిగగానే పక్కలు సర్దాలి, ఎక్కగానే తువాళ్ళు అందించాలి, కడుపులో తిప్పుతున్నా నవ్వుతూనే ఉండాలి. పడవ ప్రకటనలో ఆల్డ్విన్ బొమ్మ కింద "కెప్టెన్, ముప్ఫయ్యేళ్ళ అనుభవం" అని రాశారు, తన బొమ్మ కింద "ఆయన నవ్వుమొహపు భార్య" అని రాశారు. బీమా వాళ్ళు పడవకి ఇద్దరు అధికారులుండాలంటే తను రాజధాని సెయింట్ జార్జెస్ వెళ్ళి పడవ నడిపే పరీక్ష రాసి వచ్చింది. పదకొండు మంది మగవాళ్ళ మధ్య మొదటి మార్కు తనది. ఆ కాగితం చూసి ఆల్డ్విన్, "పోనీలే, ఇంకో మనిషిని పెట్టుకునే పని తప్పింది, నీ పేరు వాడుకుందాం," అని మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు. మనిషి మంచివాడు, తాగడు, చెయ్యెత్తడు, అందుకే అతని మీద ఎవరికైనా ఏం చెప్పుకోవాలో ఆమెకి ఎప్పుడూ తెలిసేది కాదు.

చారు పొయ్యి మీద పెట్టి, అందులో పచ్చి అరటికాయ ముక్కలు వేస్తుండగా ఆల్డ్విన్ కాగితం పట్టుకొచ్చాడు. తుపాను నెలల్లో ప్రతి బుకింగుకీ బీమా వాళ్ళు అడిగే పత్రం. ఇద్దరు అధికారులూ సంతకం పెడితేగాని పడవ రేవు దాటకూడదు. తన సంతకం అప్పటికే గీసేశాడు.

"ఇక్కడ పెట్టు."

వెర్నెల్ చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. చదవడం మొదలుపెట్టింది.

"ఏంటి చదువుతున్నావు?"

"ఇన్నేళ్ళూ చదవలేదు." ఆమె పైకే చదివింది. "'ఈ వారంలో ఈ పడవని సముద్రం మీదకి తీసుకెళ్ళడం క్షేమమని, నా సొంత అనుభవంతో, ఎవరి బలవంతమూ లేకుండా నేను నమ్ముతున్నాను.' ఇలా ఎన్నిసార్లు నమ్మాను నేను?"

"అబ్బా, మాటవరసకి రాస్తారు. సంతకం పెడితే పుట్టి మునిగిపోతుందా?"

"మునగొచ్చు. నాకు నమ్మకం లేదు ఆల్డ్విన్."

"నువ్వు నమ్మక్కర్లేదు. కెప్టెన్ని నేను, నేను నమ్ముతున్నాను కదా."

"మరి సంతకానికి రెండో గీత ఎందుకు వేశారు?"

అతను కుర్చీ లాక్కుని, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "గాలి వస్తుందంటే ముందే తెలుస్తుంది. తెలియగానే పడవని మడ అడవిలోకి తోసి, నాలుగు వైపులా తాళ్ళు కట్టేస్తాను. కిందటిసారి చిన్న గీతైనా పడిందా?"

"పడలేదు. పడవ నువ్వు చూసుకుంటావు. విమానాలు ఆగిపోతాయి. ఆ పిల్లనీ వాళ్ళ అమ్మమ్మనీ ఎక్కడ పెడతావు?"

"మనింట్లో. నువ్వుంటావుగా."

అంత తేలిగ్గా అన్నాడు. వెర్నెల్‌కి కోపం కూడా రాలేదు, ఒంట్లో ఏదో సద్దుమణిగినట్టయింది. గుమ్మం దగ్గర మొక్కజొన్న గింజలు రాలే చప్పుడు ఆగిపోయింది.

"నేను సంతకం పెట్టను," అంది. కాగితాన్ని మడవలేదు, చింపలేదు. అతని ముందు బల్ల మీద పెట్టి ఫోను తీసుకుంది.

"మిసెస్ పెట్రీ, నేను వెర్నెల్‌నండీ. సెప్టెంబరులో రావద్దు. నాకు మనవరాలుంటే ఎక్కించను. ఫిబ్రవరిలో రండి, నేనే ఉంటాను."

ఆవిడ అడిగింది. "ఇది కెప్టెన్‌గారి మాటేనా?"

"కాదండీ. ఆయన వెళ్దామంటున్నారు. నేను వద్దన్నాను. ఇద్దరం ఒప్పుకోకపోతే పడవ కదలదు."

"రెండేళ్ళ కిందట అక్కడ పెద్ద గాలి వచ్చిందట కదా, పేపర్లో చదివాను," అంది ఆవిడ మెల్లగా. "అప్పుడు మీరు ఎక్కడున్నారు?"

ఆ గాలి తర్వాత దీవిలో ప్రతి ఒక్కరూ పడవ ఎలా ఉందని అడిగారు. ఆల్డ్విన్ మూడో రోజు మడ అడవి నుంచి వచ్చి, ముందు తనే చెప్పాడు, పడవ క్షేమమని. ఈ ప్రశ్న మాత్రం ఒక పరాయి మనిషి, సముద్రానికి అవతల నుంచి అడుగుతోంది. వెర్నెల్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"స్నానాలగదిలోనండీ," అంది. "కప్పు ఎగిరిపోయాక. మా అత్తగారిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పైన పరుపు కప్పుకుని, తొమ్మిది గంటలు."

ఆల్డ్విన్ తల్లి వైపు చూశాడు. మిస్ ఊనా ఒడిలోని కంకులు పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకోకుండానే కొడుకుతో అంది.

"ఆ పొయ్యి ఆర్పి కూర్చోరా. నువ్వూ విను."