దావీదు అనని వన్స్‌మోర్

ఈ సంగతి మొదట చెప్పింది ఫరంపేట రాహేలు, పడవలు చేసే దావీదు భార్య. ఇదే సంగతి యానాంలో ఇంకోలా కూడా చెప్పుకుంటారు. దానికి ఫొటో ఉంది, బోర్డు ఉంది, ఏడాదికో పూలదండ ఉంది. రాహేలు మాటకి అవేమీ లేవు. అయినా నమ్మాల్సింది ఆవిడ మాటే. అందులో ఆవిడ తన తప్పు కూడా దాచుకోలేదు.

ఆ రోజుల్లో నెలకో నాటకం పడేది. ఆదివారం చర్చి అయ్యాక దావీదు ఇంటికొచ్చి, చేపల పులుసుతో అన్నం తిని, ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరేవాడు. వీధి మలుపులో ఇద్దరు స్నేహితులు కాచుకుని ఉండేవారు. ఒకడు బట్టల కొట్టు వెంకటరాజు, ఒకడు గుమాస్తా పని చేసి దిగిపోయిన ఆంథోనీ. ముగ్గురూ మెట్టకూరు దారిలో పాత కొబ్బరి గోడౌనుకి నడిచేవారు. నాటకాలు అక్కడే, మధ్యాహ్నం రెండింటికి. అవతలి ఒడ్డు ఎదురులంక నుంచి వచ్చిన జనం ఆఖరి పడవ అందుకోవాలి. అందుకని ఆరు కొట్టేలోపే రాజ్యాలు పోవాలి, తిరిగి రావాలి, మంగళం కూడా పాడేయాలి.

ముందు బెంచీ వాళ్లది. ఎవరూ రాసివ్వలేదు, కానీ ఎవరూ కూర్చోరు. రాహేలు ఎడమ పక్క ఆడవాళ్ల చాపల మీద కూర్చునేది.

దావీదుకి చదువు లేదు. సంతకం పెట్టడానికే చెమట పట్టేది. చెవి మాత్రం అలాంటిది ఇంకొకరికి లేదు. చెక్కని వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, పుచ్చు ఎక్కడుందో గీత గీసి చూపించేవాడు. పద్యమూ అలాగే వినేవాడు, తల వంచి, కళ్లు మూసి. కాకినాడ నుంచి రంగు లైట్లతో ఒక కంపెనీ వచ్చి, మైకులో హోరెత్తించి వెళ్తే, "పైన పాలిష్, లోపల చెద" అన్నాడు. క్రిస్మస్ నాటకంలో ముగ్గురు జ్ఞానుల్లో ఒకాయన గడ్డం ఊడి పాకలో పడితే ఊరంతా నవ్వింది. దావీదు నవ్వలేదు. "గడ్డం సంగతి సరే, ఆయన పాట అంతకు ముందే ఊడింది" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆంథోనీ ఈ మాటలన్నీ మళ్లీ మళ్లీ చెప్పి వెంకటరాజుని నవ్వించేవాడు.

అందువల్ల ఒక అలవాటు పడిపోయింది. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనడం ఎక్కడైనా ఉన్నదే. ఈ గోడౌనులో మాత్రం ఆ మాట ముందు దావీదు అనాలి. ఆయన అన్నాకే జనం ఈలలు వేసేవారు. ఒకప్పుడు తొందరపడి అన్న కుర్రకారుని, "అపస్వరానికి రెండోసారి కావాల్సొచ్చిందా మీకు" అని నలుగురిలో కడిగేశాడు. అప్పట్నుంచి ఎవరూ ఆయన కంటే ముందు నోరు తెరవలేదు.

ఇక అమ్మన్న. పడవ రేవులో కేకలు వేసే పని ఆయనది. పొగమంచు పట్టిన పొద్దున్న అవతలి పడవలు ఆయన కేక పట్టుకునే ఇవతలి ఒడ్డు చేరేవి. నాటకంలో ఆయనది గుడ్డిరాజు వేషం. రాజ్యం పోయి, కళ్లు పోయి, అడవిలో చేతులు చాపుకుంటూ ఒక పెద్ద పద్యం పాడతాడు. "ఏది నా కోట, ఏది నా బాట, చేయి పట్టువారు లేరా" అని దాని ముగింపు. ఆ ముగింపు అవగానే అమ్మన్నకి గొంతు ఉండేది కాదు. అది ఆయన నోట్లోంచి లేచి గోడౌను నడి దూలం మీద పావురంలా వాలేది. కింద నుంచి వన్స్‌మోర్ అంటే దిగొచ్చేది. రెండోసారి పాడాక ఇక కదిలేది కాదు, మళ్లీ నాటకం దాకా. తెర పడేలోగా పిలవాలి, అంతే. అది ఊరందరికీ తెలుసు. అమ్మన్న ముత్తాతకి పాము కరిచినా విషం ఎక్కేది కాదు, అమ్మన్నకి గొంతు ఇలా. దావీదు ఇరవై ఏళ్లు తప్పకుండా పిలిచాడు.

ఎనభై రెండులో దావీదు ఆ నాటకానికి సింహాసనం చేసి ఇచ్చాడు. పడవ పనిలో మిగిలిన టేకు, రెండు నెలల చాకిరీ, ఉత్తినే. మొదటి ఆట నాడు అమ్మన్న ఠీవిగా వచ్చి అందులో కూర్చున్నాడు. అది కిర్రుమంది. అమ్మన్నకి అప్పటికప్పుడు మాట తట్టింది. మంత్రి వేపు తిరిగి, "మంత్రీ, ఇది రాజ్యం ఏలడానికా, ఏరు దాటడానికా? చేసినవాణ్ణి అడిగి రా" అన్నాడు.

గోడౌను పగిలిపోయేలా నవ్వారు. వెంకటరాజు నవ్వాడు. ఆంథోనీ కళ్లు తుడుచుకున్నాడు. చాపల మీద రాహేలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది దావీదు చూశాడు.

ఆ రోజు వన్స్‌మోర్ అన్నాడు, అనకపోతే ఉక్రోషం అనుకుంటారని. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ, "నా చెక్క కిర్రుమనదు" అన్నాడు.

"సరదాకి అన్నాడులే, ఊరుకో" అంది రాహేలు.

"నా చెక్క కిర్రుమనదు."

ఏడాదిపాటు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎనభై మూడు వేసవిలో మళ్లీ గుడ్డిరాజు ఆడారు. రేకుల కింద ఉడికిపోతూ జనం కూర్చున్నారు. అమ్మన్న చేతులు చాపుకుంటూ వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. రాహేలు ఆ పద్యం పాతిక సార్లైనా విని ఉంటుంది. ఆ రోజు పాడినట్టు ఎన్నడూ పాడలేదట. ఎక్కడా పుచ్చు లేదు. పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి విన్నారు. "చేయి పట్టువారు లేరా" అని రాగం తీసి ఆపాడు. గొంతు లేచి దూలం మీద వాలింది.

అమ్మన్న చాచిన చేతులు చాచినట్టే ఉంచి, ముందు బెంచీ వేపు మొహం పెట్టి నిలబడ్డాడు.

దావీదు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

హార్మోనియం ఆయన శ్రుతి వదల్లేదు. తిత్తి కొడుతూనే ఉన్నాడు. జనమంతా దావీదు వీపు చూస్తున్నారు. వెంకటరాజు మోచేత్తో పొడిచాడు. "అనరా. ఏంటి ఆలస్యం?"

"నచ్చితే నువ్వను."

"నేనంటే ఏం బాగుంటుంది? నువ్వనాలి గానీ."

"మావా, తెర లాగేస్తున్నారు" అన్నాడు ఆంథోనీ.

"సింహాసనాన్ని పిలవమను" అన్నాడు దావీదు.

రాహేలు లేచి నిలబడింది. మాట ఆవిడ నాలిక మీదకి వచ్చేసింది. ఆడవాళ్లు వన్స్‌మోర్ అనడం ఆ గోడౌనులో లేదు. పైగా మొగుడు అనలేదు. ఒక్క మాట, అంతే కదా. కొంగు సర్దుకుని మళ్లీ కూర్చుంది. ఆవిడ కూర్చునేసరికి తెర పడింది.

తెర వెనక నుంచి అమ్మన్న రాలేదు. మిగతా నాటకం గుడ్డిరాజు లేకుండానే ముగించారు. జనం పడవకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత అమ్మన్నకి మాట రాలేదు. రేవులో కేకల పని ఇంకొకడికిచ్చారు. అమ్మన్న అక్కడే గట్టు మీద కూర్చుని కొబ్బరి తాళ్లు పేనేవాడు. ఎవరి నాటకం పడినా వచ్చి నడి దూలం కింద కూర్చుని పైకి చూసేవాడు. పైన ఆ గొంతు అటూ ఇటూ కదిలిన చప్పుడు అందరికీ వినపడేది. ఎవరైనా ఏం చేస్తారు? పాడితేనే పిలవాలి. పాడాలంటే గొంతు కావాలి.

అదే ఏడు వానాకాలంలో దావీదు ఎదురులంక వెళ్లడానికి రేవుకి వచ్చాడు. పడవకీ గట్టుకీ మధ్య ఎడం ఉంది. గట్టు మీదున్న అమ్మన్న తాడు పక్కన పెట్టి లేచి, పట్టుకోమని చెయ్యి చాపాడు. అమ్మన్నకి కోపం లేదు. దావీదు ఆ చెయ్యి చూసి, చూడనట్టు దూకాడు. మోకాలి లోతు నీళ్లలో పడ్డాడు. తడిసిన పంచెతోనే ఏరు దాటాడు.

తిరిగి వచ్చి సరాసరి గోడౌనుకి వెళ్లాడు. మూల గోనెపట్టా కింద సింహాసనం ఉంది. దులిపి కూర్చున్నాడు. కిర్రుమంది. లేచి మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ కిర్రుమంది. వెనక కాలు దగ్గర అతుకు ఆయనే వదులుగా పెట్టాడు. ఇంటికొచ్చి ఆ మాట రాహేలుకి చెప్పాడు.

"అయితే అమ్మన్న దగ్గరికెళ్లు" అంది రాహేలు.

"ఎళ్తాను."

మూడేళ్లు ఎళ్తాను అంటూనే ఉన్నాడు.

ఎనభై ఆరు వరదకి గోడౌనులో వారం రోజులు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఊళ్లో జ్వరాలు పట్టాయి. అమ్మన్న ఆ జ్వరంలోనే పోయాడు. గోడౌను గోడలు కుంగితే యజమాని విప్పించి కలప అమ్మేశాడు. అమ్మన్న పోయిన ఎనిమిదో రోజున నడి దూలం ఎడ్లబండి మీద దావీదు పనిపాకకి వచ్చింది.

రాహేలు ఆయనకి కాఫీ తెచ్చింది. దావీదు అలవాటు కొద్దీ దూలాన్ని కణుపుతో కొట్టాడు. లోపల నుంచి అమ్మన్న గొంతు పద్యం ఎత్తుకుంది. మొదటి అక్షరం నుంచి ఆఖరి రాగం దాకా దావీదు తల వంచి, కళ్లు మూసి విన్నాడు. ఒక్కచోట కూడా పుచ్చు తగల్లేదు. అయ్యాక చిన్నగా, ఇంట్లో మనిషిని పిలిచినట్టు, "వన్స్‌మోర్" అన్నాడు.

గొంతు దిగింది. దిగి, దాని మనిషి కోసం పాకంతా తిరిగింది. అమ్మన్న లేడు. పిలిచినవాడు ఉన్నాడు. ఆయన గొంతులోనే దూరింది.

మూడు రోజులు దావీదు మాట్లాడలేకపోయాడు. ముల్లు అడ్డం పడ్డట్టు మెడ పట్టుకుని చూపించేవాడు. పదకొండో రోజున నాటక సంఘం గదిలో అమ్మన్నకి సంతాప సభ పెట్టారు. దావీదు ఉతికిన పంచె కట్టుకుని, రాహేలుని కూడా రమ్మని సైగ చేశాడు. ఆ రోజు పిలవలేదని నలుగురిలో ఒప్పుకోవడానికని ఆవిడకి తెలుసు. అప్పటికే సంఘం కార్యదర్శి సుందరరావు ఫొటో కింద బోర్డు రాయించేశాడు: "అమ్మన్న గారు. గుడ్డిరాజు పాత్రధారి. 1983లో శ్రుతి తప్పి రంగస్థలం విడిచిరి." ఆ నాటకం రోజున సుందరరావు ఊళ్లోనే లేడు. మామిడి కాయల బేరానికి వెళ్లాడు. ఎవరో చెప్పింది రాయించాడు.

దావీదు లేచి బోర్డు పక్కన నిలబడి నోరు తెరిచాడు. పద్యం వచ్చింది. అమ్మన్న గొంతుతో, అమ్మన్న పాడినట్టే. గదిలో ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. "చేయి పట్టువారు లేరా" అని ముగిసింది. గొంతు లేచి రేకు కింద వాసం మీద వాలింది. దావీదు మెడ తడుముకున్నాడు. ముల్లు పోయింది. తన సొంత గొంతుతో, బొంగురుగా, "అమ్మన్న శ్రుతి..." అన్నాడు.

"వన్స్‌మోర్" అన్నాడు వెంకటరాజు, ఏడుస్తూ.

మూడేళ్లు ఆగి ఉన్న మాట. గది గదంతా అందుకుంది. ఈలలు వేశారు, బల్లలు చరిచారు. రాహేలు లేచి, "అనకండి, ఆయన్ని చెప్పనివ్వండి, మీకు దణ్ణం పెడతాను" అని అరిచింది. ఈసారి అరిచింది. ఆ ఈలల్లో ఎవరికీ వినపడలేదు. గొంతు దిగొచ్చింది. దావీదు రెండోసారి పాడాడు.

రెండోసారి పాడాక అది కదలదు.

సుందరరావు శాలువా కప్పాడు. "ఇంత పాట దాచుకున్నారేంటండీ ఇన్నాళ్లూ" అన్నారు ఆంథోనీ పక్కన కూర్చున్నవాళ్లెవరో.

ఆ తర్వాత దావీదు మంచినీళ్లు అడగబోయినా అదే పద్యం, పడవ బేరానికి వచ్చినవాళ్లకి కొలత చెప్పబోయినా అదే పద్యం. చివరికి నోరు తెరవడం మానేశాడు. చర్చిలో వెనక వరసలో పెదాలు బిగించుకుని కూర్చునేవాడు. బొగ్గు ముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి రెండుసార్లు వెళ్లాడు. సంతకం తప్ప రాదు. రెండుసార్లూ తన పేరే రాసి వచ్చాడు. సుందరరావు తడిగుడ్డతో తుడిపించాడు.

బోర్డు ఇంకా అక్కడే ఉంది. రాహేలుకి చదువు లేదు, ఈ చెప్పేవాడి అక్షరాలు వంకర, బోర్డుకి పనికిరావు. యానాంలో చక్కగా రాయగలిగినవాళ్లు ఎవరైనా ఆ గదికి వెళ్లండి. సుందరరావుని అడగక్కర్లేదు. శ్రుతి తప్పి అన్న మాట కొట్టేసి, అమ్మన్న తప్పలేదనీ, దావీదు పిలవలేదనీ రాయండి. చోటు మిగిలితే, రాహేలు లేచి, పిలవకుండా మళ్లీ కూర్చుందని కూడా రాయమంది ఆవిడ.