భవాని ఎంచిన రేవు

పలాస ఆసుపత్రిలో డయాలసిస్ జరిగే రోజుల్లో తారకేశ్వరరావు భార్య భవాని మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఫోన్‌లో ఓడల బొమ్మలు చూపించేవాడు. టెక్కలి హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యాడు. పిల్లల చేత పటంలో గాలే, మలక్కా, మచిలీపట్నం రేవులు గుర్తు పెట్టించడమే గానీ, వాటిలో ఒక్క ఊరూ కళ్లారా చూడలేదు. రిటైరయ్యాక ఇద్దరూ ఓడెక్కి పాత రేవులన్నీ తిరిగి రావాలనుకున్నారు. ఈలోగా భవానికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానం పల్లెల్లో ఆ జబ్బు కొత్త సంగతేమీ కాదు. ఆమె తల్లీ, పెదనాన్నా అలాగే పోయారు.

అయినా వాళ్లు రేవుల మాట మానలేదు. చెయ్యి కదపకుండా పడుకోవాల్సిన ఆ గంటలు గడవాలి కదా.

"సెన్నై నుంచి సిలోనుకి రెండు ఓడలున్నాయి. ఒకటి గాలే ఎల్తాది. డచ్చోళ్ల కోట, సెక్కు సెదరలేదట" అన్నాడు ఒకనాడు.

"రెండోది?"

"ట్రింకోమలీ. మాంచి లోతైన రేవు. దానికోసం దేశదేశాలోళ్లు కొట్టుకున్నారు. కొండ అంచున శివుడి గుడి, కింద సముద్రం."

భవాని కాసేపు కళ్లు మూసుకుంది. "అదే ఎంచు. టిక్కెట్టు తీసేయి."

"మరి డయాలసిస్సో?"

"నాకెందుకు తియ్యడం? నీకొక్కడికే తియ్యి బావా."

ఆట పట్టిస్తోందనుకున్నాడు. కాదు. "నాకు బాగయ్యాక ఎల్దామనుకుంతే మనిద్దరిలో ఎవులమూ ఎల్లం. నువ్వు సూసొచ్చి నాకు సెప్పు. అప్పుడైనా ఈ మంచం మీద కొత్త కబురొకటి ఇంటాను" అంది.

కూతురు స్వాతి టెక్కలిలో బ్యాంకు ఉద్యోగి. వినగానే మండిపడింది. "అమ్మ ఇలాగుంటే నీకు ఓడ షికారేటి నాన్నా? ఊల్లో ఏటనుకుంతారు?"

"ఎల్లమన్నది నేను. ఊరికి నేను సెప్తాను" అంది భవాని.

ఇప్పట్లో భయం లేదన్నాడు డాక్టరు. అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లే పని తనదన్నాడు భవాని తమ్ముడు ఉమాశంకర్. చివరికి తారకేశ్వరరావు చెన్నై రైలెక్కాడు. వద్దన్నా వినకుండా భవాని స్టేషనుకు వచ్చింది. రైలు కదులుతుంటే కిటికీ చువ్వ పట్టుకుని రెండడుగులు నడిచి, ఆయాసమొచ్చి ఆగిపోయింది.

ఓడ తీరం దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది. మిగతావాళ్లు పాటలు పెట్టుకుని ఆడుతుంటే అతను రెయిలింగు పట్టుకుని నిలబడేవాడు. ట్రింకోమలీలో దిగిన ఉదయం మాత్రం మనసు తేలికపడింది. ఇక్కడా ఓ పాత కోట ఉంది, అందులో చుక్కల జింకలు మేకల్లా తిరుగుతున్నాయి. ఒకటి దగ్గరకొచ్చి చేతిసంచి వాసన చూస్తే పైకే నవ్వేశాడు. కొండెక్కి గుడికి వెళ్లాడు. పూజారి పేరూ నక్షత్రమూ అడిగితే భార్యవి చెప్పి, ఆమె ఆరోగ్యం కోసం అర్చన చేయించాడు.

కిందికొచ్చాక టీకొట్టులో వైఫై దొరికింది. ఒక్కసారిగా ఫోను మోగడం మొదలుపెట్టింది. రాత్రి నుంచి స్వాతి పంపినవి: అమ్మకి ఆయాసంగా ఉంది. ఆసుపత్రికి తెచ్చాం. నాన్నా, ఒక్కసారి మాట్లాడు. ఆఖరున, అతను ఇంకా కొండెక్కుతున్న వేళకి వచ్చినది, ఉమాశంకర్ గొంతు: "అక్క పోనాది బావా."

తారకేశ్వరరావు టీగ్లాసు కింద పెట్టేశాడు. కొట్టతను తమిళంలో ఏదో అడిగాడు. అతను ఫోన్‌లో పటం తెరిచి కొలంబో పేరు మీద వేలు పెట్టాడు.

కొలంబో దాకా కారు, తర్వాత విమానాలు, రైలు. ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది. "ఎండలు బావా. ఉంచలేకపోనాం" అన్నాడు ఉమాశంకర్, తల దించుకుని. స్వాతి తండ్రి ముఖం చూడలేదు. పెళ్లాం పోతంటే షికారు తిరిగొచ్చినాడని వాకిట్లో చుట్టాలు గొణుక్కున్నారు.  ఎల్లమన్నది నేనేనని ఊరికి చెప్పాల్సిన మనిషి ఇక లేదు.

పెద్దకర్మ అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయిన సాయంత్రం, స్వాతి వచ్చి పెరటి గట్టు మీద తండ్రి పక్కన కూర్చుంది.

"పోయే ముందు, ఆ పొద్దున అమ్మకి తెలివొచ్చినాది. మీ నాన్న ఓడ దిగుంటాడా అని అడిగినాది. దిగుంటాడన్నాను. నీ మీద కోపంతో ఇన్నాళ్లూ సెప్పనేదు."

"ఏటన్నాది?"

"ఏటీ అననేదు. నవ్వినాది." గట్టు మీద ఇంకాస్త దగ్గరికి జరిగి, "ఎలాగుంటాది నాన్నా ఆ ఊరు?" అని అడిగింది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. రేవులో నీళ్ల రంగు, ఆ కోట గోడలు, వీధుల్లో ఎండబెట్టిన చేపలు. గుడి మెట్ల దాకా వచ్చి ఆపేశాడు. స్వాతి అతని భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఆ అర్చన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు, ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.