పాదరసం దిగిన ఉదయం

సైరకాన్ గాలి ఒత్తిడి కొలిచే గాజుగొట్టాన్ని గోటితో రెండుసార్లు తట్టింది. తట్టకపోతే పాదరసం గాజుకు అంటుకుని అబద్ధం చెబుతుంది. మోకాళ్లు వంచి, కన్నును పాదరసం అంచుకు సమంగా తెచ్చి చూసింది. ఐదువందల ఎనభై నాలుగు. నిన్న ఐదువందల తొంభై మూడు.

ఆమె చెయ్యి గొట్టం దగ్గరే ఆగిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా నారిన్ కొండల్లోని ఈ బడి ప్రయోగశాలలో సహాయకురాలు. పొట్టి మనిషి, యాసిడ్ పడి చిల్లులు పడ్డ నీలం కోటు, చన్నీళ్లకు పగిలిన వేళ్లు. పిల్లలు లేరు. భర్త పోయి పదహారేళ్లు. ఎవరి బిడ్డ గాజు ముట్టుకున్నా ఆమె గుండె జారేది. బర్నరు ఆపానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చేది. పనిగట్టుకుని ఆమెను పలకరించేది ఒక్కడే, కనుమ దాటే బస్సు నడిపే జుమాకదిర్.

కిటికీ బయట జుమాకదిర్ చేతితొడుగు తీసి గట్టు మీద పెట్టి, అద్దం మీద దరువు వేశాడు.

"ఏమంటోంది సైరా, నీ గొట్టం?"

"రాత్రికి రాత్రి తొమ్మిది దిగింది. మంచు తుఫాను వస్తుంది. పోకన్నా."

"నిన్నా పోకన్నావు, మొన్నా పోకన్నావు. నీ మాట వింటే ఈపాటికి నా బస్సులో కోళ్లు గుడ్లు పెట్టేవి."

"నిన్న భయపడి అన్నాను. ఇవాళ చూసి అంటున్నాను."

"కనుమ అవతల ఆసుపత్రిలో పురుడైన కోడలు మూట కట్టుకు కూర్చుంది. మనవణ్ణి తెచ్చుకోవద్దా?"

కెమిస్ట్రీ టీచరు దొరక్క ఆ పాఠం కూడా చెబుతున్న వ్యాయామ మాస్టారు తాలాయ్, గదిలో పక్క బల్ల దగ్గర్నుంచి లేచి పుస్తకం తెరిచి చూపించాడు.

"ఇదిగో పెద్దమ్మా, గాలి ఒత్తిడి ఏడువందల అరవై అని అచ్చేశారు. మీది ఆరువందలైనా లేదు. గొట్టంలోకి గాలి దూరింది."

"అది సముద్రం ఒడ్డున, నాయనా. ఇంత ఎత్తున మన నెత్తి మీద గాలే తక్కువ."

"విన్నావా? మాస్టారే చెప్పారు!" జుమాకదిర్ పకపకా నవ్వాడు. "నీకంటే పిరికిది నీ గొట్టం."

సైరకాన్ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కకు వంచింది. లోపల గాలి ఉంటే పాదరసం పైకొనను మెత్తగా తాకుతుంది. లేకపోతే గోలీ తగిలినట్టు మోగుతుంది.

టక్.

"విన్నావా, అన్నా?"

కిటికీ దగ్గర అతను లేడు; బయట ఇంజను మోగుతోంది. ఆమె గేటు దాకా పరిగెత్తింది. బస్సు మలుపు తిరిగిపోయింది. లోపల అతనొక్కడే. ఇంకెవరూ ఎక్కలేదు కదా అని ఊరట కలిగింది; ఆ ఊరటకు సిగ్గేసింది.

మధ్యాహ్నానికి కొండలు కనబడలేదు.

మూడో రోజున కనుమలో మంచు తవ్వి బస్సును తీశారు. స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోతున్నట్టే ఉన్నాడట. దారి తెరిచాక పసివాణ్ణి ఎవరిదో జీపులో తీసుకొచ్చారు.

సోమవారం, గదికి గాలి తగలాలని సైరకాన్ కిటికీ తెరిచింది. బయట గట్టు మీద అతను మరిచిపోయిన గొర్రెతోలు చేతితొడుగు, వేళ్లు సగం ముడుచుకుని, గడ్డకట్టి ఉంది.